చేతికి దగ్గరి గడి

మెనూలో అన్నిటికన్నా కింద ఏ మాట ఉండాలన్న ప్రశ్న మీద నేను ఒక ఎండాకాలమంతా గడిపాను. ఇప్పుడు ఎవరితోనైనా చెప్తే నవ్వుతారు. కంప్యూటర్ తెర మీద ఒక మాట నొక్కితే చాప పరిచినట్టు కిందికి జారే అయిదారు మాటల వరుస అది. అందులో ఏది పైన, ఏది కింద అన్నది ఎవరికి పట్టింది? కానీ చేవెళ్లలో ఒక చిన్న అచ్చు దుకాణంలో ఒక మనిషి కుర్చీ ఉండడమో పోవడమో ఆ వరుస మీద ఆధారపడి ఉండింది.

ఆ మనిషి కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, వాక్యం చేసే పని ఆయనది. నాకు ఆయన అరవై తొమ్మిది నుంచి తెలుసు. ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. ఊరికొచ్చి రోడ్డు మీద తిరుగుతున్న నన్ను మా బాపు పట్టుకెళ్లి ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దమని కూర్చోబెట్టాడు. రోడ్డు మీద ఉంటే పోలీసులు జీపెక్కిస్తారని ఆయన భయం. ప్రెస్సులో కూర్చున్నవాణ్ని ఇంకా తొందరగా ఎక్కిస్తారన్న సంగతి ఆయనకు తట్టలేదు.

కంపోజిటర్ అప్పటికి ముప్పై దాటినవాడు. మిషన్ బడిలో చదువుకుని, ఆ బడి వెనక అచ్చుగదిలోనే పని నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునే గొంతుతోనే మిగతా వారమంతా మమ్మల్ని తిట్టేవాడు. తన చేతి గురించి తనే చెప్పుకునేవాడు. చేవెళ్లకూ షాబాద్‌కూ మధ్య తనంత వేగంగా కూర్చేవాడు పుట్టలేదని పందెం కాసేవాడు. పందేనికి ఎవరూ రాకపోతే అదీ తన గెలుపే అనేవాడు.

ఆయన ముందు ఏటవాలుగా కేసు ఉండేది. కేసు అంటే వెడల్పాటి చెక్క అర. దాన్నిండా చిన్న చిన్న గడులు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. పొట్టకు దగ్గరున్న గడుల్లో లు, ను, కు, ని లాంటివి, అంటే వాక్యం వాక్యానికీ కావలసినవి. పైన, చెయ్యి పూర్తిగా చాచితే తప్ప అందని చోట ఝ, ఘ, ఋ లాంటివి. ఎప్పుడో గాని అవసరం పడవు. ప్రూఫులు లేనప్పుడు నేనూ కూర్చబోయి ప్రతి అక్షరానికీ కేసు మీదికి వంగి వెతికేవాణ్ని.

“ఏం తమ్మీ, తలల ఈరు జూస్తున్నవా?” అన్నాడు కంపోజిటర్ ఒకరోజు. “గడుల దిక్కు జూడకు. కాయితం దిక్కు జూడు. చెయ్యి దానంతటదే పోతది.”

“తప్పు గడిల పడితేనో అన్నా?”

“మీ ఇంట్ల నీళ్ల కుండ ఏడుందో రోజు దేవులాడుకుంట తాగుతవా? రోజూ కావాల్సింది నీ దిక్కు ఉంటది. ఎప్పుడన్న కావాల్సింది అవుతల ఉంటది. గింతే ఇల్మ్, గింతే విద్దె.”

ఆ రోజుల్లో మేము ఎక్కువగా కూర్చింది కరపత్రాలే. జై లేని కరపత్రం ఉండదు. మా దగ్గర ‘జై’ అక్షరం పిడికెడుకు మించి లేదు. ఒక పొద్దున కంపోజిటర్ సగం కూర్చి ఆపేశాడు. యజమాని లోపల గదిలో ఉన్నాడు. “పటేలా, జై అయిపోయింది. శంకర్‌పల్లి ప్రెస్సోళ్లను అడుగున్రి. లేకుంటే ఉద్యమం రేపటిదాంక ఆగాలె” అని కేకేశాడు. కరపత్రాల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్న విద్యార్థి నాయకుడికి ముందు కోపం, తరవాత నవ్వు వచ్చాయి.

ఇంకో మధ్యాహ్నం నిజంగానే జీపు వచ్చి మా ముందు ఆగింది. కంపోజిటర్ లేచాడు. అక్షరాలు పేర్చి కట్టి సిద్ధంగా ఉన్న కరపత్రపు చట్రాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద బోర్లించాడు. వాక్యాలన్నీ సీసపు కుప్పయిపోయాయి. లోపలికొచ్చిన పోలీసు జమేదారు ఆ కుప్పను చూశాడు, మమ్మల్ని చూశాడు, దాహమైందని నీళ్లు తాగి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా ఆ కుప్పలోంచి ఒక్కో అక్షరం తీసి గడిలో వేస్తూ కూర్చున్నాడు కంపోజిటర్. కళ్లు నా వైపే ఉన్నాయి, నోరు ఏదో ముచ్చట చెప్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఒక్కసారీ తడబడలేదు.

తరవాత ఉద్యమం పలచబడింది. కాలేజీలు తెరిచారు. నేను పట్నం వెళ్లే ముందు ప్రెస్సుకు పోతే ఆయన పెళ్లికార్డు కూరుస్తున్నాడు.

“ఏమాయె అన్నా, గింత చేసినం?” అన్నాను.

“ఏమైతది? అచ్చేసినం, విడదీసినం. గవ్వే అక్షరాలు, గిప్పుడు పిల్ల పేరు గూరుస్తున్న. నువ్వు వోయి సదువుకో.”

చదువు తరవాత నేను ఒక దినపత్రికలో చేరాను. ఏళ్లు గడిచాయి. మొయినాబాద్‌లో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని పట్నం తిరుగుతుండేవాణ్ని. సెలవు రోజున చేవెళ్ల వెళ్లినప్పుడల్లా ఆ ప్రెస్సులో కాసేపు కూర్చునేవాణ్ని. పాత యజమాని పోయాడు. కొడుకు యజమాని అయ్యాడు. కంపోజిటర్ అదే కేసు ముందు అట్లాగే ఉన్నాడు, తల ఒక్కటే తెల్లబడింది.

చివరికి అక్కడికీ కంప్యూటర్ వచ్చింది. అజీజ్‌నగర్ వైపు పొలాలు ఫామ్‌హౌసులవుతున్న కాలం. ప్లాట్ల కాగితాలు రంగుల్లో కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సీసపు అక్షరాలతో కుదిరే పని కాదు. యజమాని బామ్మర్ది పట్నంలో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాడు. పెళ్లికార్డులకూ, కరపత్రాలకూ సరిపోయే చిన్న తెలుగు సాఫ్ట్‌వేర్ తానే రాసిస్తానని ముందుకొచ్చాడు. మెనూలో తెలుగు మాటలు ఏం పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో చెప్పమని నన్ను అడిగారు. పత్రికలో పనిచేసేవాడికి మాటలు తెలుస్తాయని వాళ్ల నమ్మకం.

అప్పుడే యజమాని కంపోజిటర్‌తో మాట్లాడాడు. నేను అక్కడే ఉన్నాను.

“కాకా, కేసులు అమ్మేస్తున్న. వానలు వడేదాంక జూస్త. దీని మీద నువ్వే కార్డు తీసినవనుకో, కుర్చీ నీదే. లేకుంటే నేనేం జెయ్యాల్నో నువ్వే జెప్పు.”

“కేసులు అమ్ముకో చిన్న పటేలా. చేతులు నావే గదా, వట్టుకొస్త” అన్నాడు కంపోజిటర్. ఆయన బడాయి అట్లాగే ఉంది. యజమాని అటు వెళ్లగానే మాత్రం నా వైపు వంగి గొంతు తగ్గించాడు. “తమ్మీ, నాకు జర అర్థమయ్యేటట్టు చెయ్యి. ఇంట్ల కూసుంటే మన్మలు టీవీ సౌండు వెంచుతరు. నేనున్న సంగతే యాది మరుస్తరు. గీడ ఉంటెనే మనిషి లెక్క ఉంటున్న.”

బామ్మర్ది మొదట తెచ్చిన మెనూలో దస్త్రం, వీక్షణ, ఉపకరణములు అని ఉన్నాయి. నిఘంటువు ముందు పెట్టుకుని రాసినట్టుంది. అవి తీసేశాను. ప్రెస్సులో జనం రోజూ అనే మాటలే పెట్టాను. పైన ‘పని’ అని ఒకటి. అది నొక్కితే కొత్త పని, పాత పని, దాచు, అచ్చుతీయి, చివర ఒక గీత, గీత కింద మూసెయ్. నాకు బాగానే కనిపించింది. పత్రికలో వార్త రాసేటప్పుడు అసలు సంగతి మొదటి పేరాలో ఉండాలి. చోటు చాలకపోతే కత్తెర పడేది చివరి పేరా మీదే. మెనూ కూడా అట్లాగే వచ్చింది నా చేతిలో.

కంపోజిటర్ మొండిగా నేర్చుకున్నాడు. టైపింగ్ నేను అనుకున్నదానికంటే తొందరగా పట్టుబడింది. చిక్కల్లా ఒక్కటే. పొద్దంతా కూర్చిన కార్డు ఉన్నట్టుండి మాయమయ్యేది. ‘దాచు’ నొక్కానని ఆయన ఒట్టు పెట్టేవాడు. తెర మీద మాత్రం ఏమీ ఉండేది కాదు.

ఒక సెలవు రోజంతా ఆయన వెనక కూర్చుని చూశాను. నిదానంగా ఉన్నప్పుడు సరిగ్గానే నొక్కుతున్నాడు. ఎవరైనా పిలిచినా, తొందర పెట్టినా కళ్లు కాగితం మీదికి పోతాయి. అప్పుడు చెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. ఆ చెయ్యి మౌసును తన పొట్ట వైపు లాక్కుంటోంది. మౌసు మన వైపు వస్తే తెర మీద బాణం కిందికి జారుతుంది. కింద ఉన్నది ‘మూసెయ్’. కేసు ముందు ఏళ్ల తరబడి చేసిన పనే చేస్తున్నాడాయన. రోజూ కావలసినదాన్ని దగ్గరి గడిలో వెతుక్కుంటున్నాడు.

మూసే ముందు ‘దాచకుండా మూసెయ్యాలా?’ అని తెర అడుగుతుంది. ఆయన చూడకుండానే సరే కొడుతున్నాడు.

“అన్నా, అది అడుగుతున్నది గదా, చదవకుండనే కొట్టినవేంది?”

“పొద్దటి సంది అడుగుతనే ఉన్నది. అచ్చుతీయాల్నా అంటది, పేరు మార్చాల్నా అంటది. ఇంటికొచ్చిన సుట్టం గడియ గడియకు ఏదో ఒకటి అడిగితే ఏం జేస్తం? అన్నిటికీ ఊ అంటం.”

అది నిజమే. మాటిమాటికీ అడిగే ప్రశ్నను ఎవరూ వినరు. అసలు సంగతి చేతి దగ్గర ఉందని చెప్పాను. ఆయన కాసేపు మౌసును ముందుకీ వెనక్కీ జరిపి చూసుకున్నాడు.

“మరి నా దిక్కు గుంజుకుంటే నాకు కావాల్సింది రావాలె గదా? గిదేం పద్ధతి తమ్మీ, నా దిక్కు గుంజుకుంటే దుకాణం బంద్ అయితది! గా గీత ఎందుకు గీసినవ్? గీత గీస్తే చెయ్యి ఆగుతదా?”

బామ్మర్దికి ఫోన్ చేశాను. మెనూను తలకిందులు చేయమన్నాను. ‘దాచు’ అట్టడుగున, దాని మీద ‘అచ్చుతీయి’, ‘మూసెయ్’ అన్నిటికన్నా పైన.

“సార్, ప్రపంచమంతా ఎగ్జిట్ కిందనే ఉంటది” అన్నాడు.

“ప్రపంచం చేవెళ్లకొచ్చి పెండ్లికార్డులు తీస్తదా?”

నవ్వి, మార్చి పంపాడు. ఆ తరవాత కొన్ని వారాలు బాగా గడిచాయి. ఆ ఎండాకాలం పెళ్లిళ్ల ముహూర్తాలకు కార్డులన్నీ కంపోజిటరే తీశాడు. చూడకుండా లాగితే ‘దాచు’ మీదికే వచ్చేది. షాబాద్‌లో కంప్యూటర్ ఉన్నవాడిని పందేనికి పిలవమని నా మీద పడేవాడు. యజమాని కూడా మెత్తబడ్డాడు. నాకైతే ఏదో సాధించినట్టే ఉంది.

పని పెరిగింది. యజమాని ఇంకో మనిషిని పెట్టాడు. మొయినాబాద్ పిల్ల. వాళ్ల నాన్న అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసుకు వాచ్‌మన్. ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసింది. చురుకైనది, ముసలాయనంటే గౌరవం ఉన్నది. యంత్రం ఒక్కటే కాబట్టి ఇద్దరూ వంతులేసుకుని కూర్చునేవాళ్లు. మొదటి రోజే ఆ పిల్ల వేరే అంతటా ఉన్నట్టే ఉంటుందనుకుని మెనూ తెరిచి పైనున్నది నొక్కింది. అది ‘మూసెయ్’, తెర ఖాళీ అయింది.

“తాతా, గిదేంది, మీది ఉల్టా మెనూ!”

“నీదే ఉల్టా బిడ్డా. నీకన్న ముందు పుట్టినోన్ని నేను.”

ఇద్దరూ నవ్వుకున్నారు గాని పని చెడుతూనే ఉంది. వారం తిరిగేసరికి యజమాని ముఖం మారింది. మళ్లీ బామ్మర్దిని బతిమాలాను. ఆయన మంచివాడు, విసుక్కోలేదు. సాఫ్ట్‌వేర్ తెరవగానే ఎవరు కూర్చున్నారో అడిగేటట్టు చేశాడు. తాత అంటే తాత వరుస, పాప అంటే పాప వరుస. కాగితం మీద ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. ఎవరి చేతికి తగ్గ మెనూ వాళ్లకు.

మేము లెక్కలోకి తీసుకోనిది ప్రెస్సు అలవాటు. సీసపు అక్షరాల రోజుల్లో ఒక కంపోజిటర్ చాయ్‌కి లేస్తే, సగం కూర్చిన పంక్తిని ఇంకొకడు అందుకునేవాడు. మనిషి మారతాడు, పంక్తి ఆగదు. పనిని మధ్యలో కట్టిపెట్టి లేవడం మర్యాద కాదు. ఆ పిల్లకు కూడా ముసలాయన నేర్పించిన మొదటి సంగతి అదే. “బిడ్డా, లేచేటప్పుడు పని మూసి లేవకు. తెరిచే ఇచ్చిపో.” ఇద్దరూ ఆ మర్యాద తప్పలేదు. అందుకని యంత్రం పొద్దున ఒకసారి ఎవరు అని అడిగేది. తరవాత రోజంతా ఎవరు కూర్చున్నా పొద్దుటి మనిషి వరుసే తెర మీద ఉండేది.

వానలు ఇంకా మొదలు కాలేదు. ఒక సాయంత్రం పిల్ల ప్లాట్ల కాగితం చేస్తోంది. అజీజ్‌నగర్ వెంచరుది. దుకాణానికి అంత పెద్ద పని అదే మొదటిసారి. ఆ కాగితం చేయించుకుంటున్న బేరగాడు బెంచీ మీద చాయ్ తాగుతూ కూర్చున్నాడు. నేను మొయినాబాద్ నుంచి అప్పుడే వచ్చి దిగాను. నేను దిగిన బస్సు పోయి, పట్నం వైపు బస్సు వస్తోంది. అది పోతే ఆ పిల్లకు చీకటి పడేదాకా ఇంకోటి లేదు.

“తాతా, అంత అయిపోయింది. రోడ్డు దగ్గర ఒక మాట మార్చి అచ్చు తీయున్రి” అని సంచి తీసుకుని పరుగెత్తింది. పని తెరిచే ఇచ్చింది. దాచలేదు. కూర్చునేవాళ్లు దాస్తారు గదా.

కంపోజిటర్ కూర్చున్నాడు. పొద్దున యంత్రం తెరిచింది ఆ పిల్ల, తెర మీద ఉన్నది ఆమె వరుసే.

“పెద్దాయనా, ముప్పై ఫీట్ల రోడ్డు కాదు, నలభై అని వెట్టు. జల్ది, పార్టీ ఎదురుచూస్తున్నది” అన్నాడు బేరగాడు.

“పెడ్తున్న, పెడ్తున్న. నువ్వు రోడ్డు వెయ్యకముందే నేను వేస్త” అన్నాడు కంపోజిటర్. బేరగాడు నవ్వాడు. అంకె మారింది. కళ్లు బేరగాడి చేతిలో కాగితం మీదికి పోయాయి. చెయ్యి తన వైపు లాక్కుంది. నేను వాకిట్లో చెప్పులు విడుస్తున్నాను. తెర అడిగింది, ఆయన సరే కొట్టాడు. నేను తలెత్తేసరికి తెర తెల్లగా ఉంది.

ప్లాట్ల పటం, రంగులు, పొద్దుటి నుంచి ఆ పిల్ల చేసినదంతా పోయింది. బామ్మర్దికి ఫోన్ కలిపాం. దాచనిది దొరకదన్నాడు. బేరగాడు చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, “ఏం లేదు, పట్నంల చేయించుకుంటం” అని మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది.

యజమాని కూడా అరవలేదు. రాసుకునే బల్ల దగ్గరికి నన్ను పిలిచాడు. “అన్నా, ఇగ ఒక్కటే మెనూ. పట్నంల ఎట్లుంటే గట్ల. రేపు ఇంకో పిల్లగాడొస్తడు, ఎల్లుండి ఇంకొకడొస్తడు. ఎంతమంది చేతులకని కుట్టించాలె?” ఆయన మాటలో తప్పు లేదు. ఆ సంగతే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. పిల్ల తప్పు లేదు, ముసలాయన తప్పు లేదు, రెండు వరుసలూ వాటి వాటి చేతులకు సరిగ్గానే ఉన్నాయి.

నేను ఊరుకోలేకపోయాను. మెనూ తెరవకుండానే మీటలతో దాచే పద్ధతి ఉందని, అది నేర్పిస్తానని మరుసటి సెలవు రోజున కంపోజిటర్ దగ్గర కూర్చున్నాను. ఆయన మీటల వైపు చూడలేదు.

“ఇడిసెయ్ తమ్మీ.”

“రెండే మీటలన్నా. మెనూ జోలికే పోవద్దు.”

“నేను పోను. చెయ్యి పోతది.” కుడి చేతిని మోకాలి మీద బోర్లా పెట్టుకుని దాన్నే చూస్తూ అన్నాడు. “అక్షరాలంటే విడదీసి గడులల్ల ఏసినం. గీ చేతిని విడదీసుడు నాతోని గాదు.”

అరవై తొమ్మిదిలో బోర్లించిన కరపత్రం ముందు కూర్చున్నప్పుడు ఆయనకు ఎంతో తీరిక ఉన్నట్టుండేది. ఈసారి ఆయన ముఖంలో అది కనిపించలేదు.

వానలు పడ్డాయి. కేసులను తూకానికి కొనేవాడు ట్రాలీ తెచ్చుకుని వచ్చాడు. గడులన్నీ ఒక్క గోనెసంచిలో గుమ్మరించాడు. లు, ను, కు, ఝ, ఘ, ఆ పిడికెడు జై అన్నీ కలిసిపోయాయి. కంపోజిటర్ చూడడానికి బయటికి రాలేదు.

యజమాని ఆయన్ను ఇంటికి పంపలేదు. ఆ మాట చెప్పాలి. గుమ్మం పక్కన పీట వేసి పెళ్లికార్డులు మడతపెట్టే పని ఇచ్చాడు. యంత్రం ముందు కుర్చీ ఆ పిల్లకు వెళ్లింది. మరుసటి ఏడు యజమాని బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నాడు. దాని మెనూలో ‘మూసెయ్’ లాంటి మాట అన్నిటికన్నా కిందనే ఉంది. మేము చేసినదాన్ని ఎవరూ మళ్లీ తెరవలేదు.

తరవాత వెళ్లినప్పుడల్లా నేను యంత్రం వైపు కాక గుమ్మం దగ్గరే కూర్చునేవాణ్ని. ఆయన పందేల మాట ఎత్తడం మానేశాడు. ఆ పిల్ల లోపలి నుంచి, “తాతా, చాయ్ తెమ్మంటవా?” అని పిలిస్తే ఊ అనేవాడు. ఇంకేదైనా అడిగినా ఊ అనేవాడు. కార్డుల కట్ట అవతల, మోకాలికి దూరంగా ఉండేది. ఎవరు చెప్పినా దగ్గరికి జరుపుకునేవాడు కాదు. చెయ్యి పూర్తిగా చాచి ఒక్కో కార్డూ అందుకుని, చూడకుండా తన వైపు లాక్కుని, మడిచి పక్కన పెట్టేవాడు.